మడలో నేను వేసిన దారి

మైపాడు బీచికి వచ్చినవాళ్లలో కొందరు ఫోను చూపించిన దారి పట్టుకుని మా పాలెం దాకా వచ్చేస్తారు. బడి ముందు కారు ఆపి, అద్దం నాలుగు వేళ్లు దించి, లోపలి చల్లగాలి బయటికి పోకుండా జాగ్రత్తపడుతూ అడుగుతారు: "ఇక్కడ చూడ్డానికి ఏమన్నా ఉందాండీ?" ఆ "ఏమన్నా" వింటే నాకు ఒళ్లు మండుతుంది. పక్కన సముద్రం హోరెత్తిపోతుంటే, ఎదురుగా కనుచూపు మేర అడవి నిలబడి ఉంటే, ఏమన్నా ఉందా అని అడిగే మనిషికి ఇంకేం చూపించాలి?

"ఉంది. చెప్పులు విప్పి దిగండి, చూపిస్తాను" అంటాను. సగం మంది అద్దం ఎత్తేసి కారు వెనక్కి తిప్పుకుంటారు. వాళ్లు పోయినందుకు నేనెప్పుడూ బాధపడలేదు.

దిగినవాళ్లను మడలోకి తీసుకుపోతాను. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, రోజుకు రెండుసార్లు నీళ్లు వచ్చి పోయే బురదలో పెరిగిన అడవి అది. సముద్రం పోటు మీదుంటే చెట్లు నడుము దాకా మునిగి ఉంటాయి. పాటు తీసి నీళ్లు వెనక్కి పోయాక లోపలికి నడవచ్చు. నడవడం అంటే బజార్లో నడిచినట్టు కాదు. పాదం మొత్తం ఒక్కసారి ఆనించాలి, వేళ్లు విడదీసుకోవాలి. కాలు దిగబడితే కంగారుపడి పైకి లాగకూడదు, మడమను పక్కకు తిప్పి నెమ్మదిగా తియ్యాలి. కంగారుపడినవాళ్లు కూలబడతారు. కూలబడ్డవాళ్లను చూసి నేను నవ్వుతాను, దాచుకోను.

నీళ్లు లేని బురద మీద గంతులేసే చేపను చూపిస్తాను. అది ఆగి, కళ్లు మూసి తెరిచి, మనల్నే వింతగా చూస్తుంది. ఒక చెయ్యి తన ఒంటికన్నా పెద్దదిగా ఉన్న ఎర్ర పీతలు బొరియల ముందు నిలబడి ఆ చెయ్యి ఊపుతుంటాయి, మనం ఒక్క అడుగు వేస్తే అన్నీ ఒకేసారి మాయం. మడ ఆకు ఒకటి కోసి నాలికకు తగిలించుకోమంటాను. ఉప్పగా ఉంటుంది. తాగిన ఉప్పును చెట్టు ఆకుల మీదికి తోసేస్తుంది. తిల్ల చెట్టును మాత్రం దూరం నుంచే చూడమంటాను, దాని పాలు కంట్లో పడితే ఆ పూటకు చూపు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇవన్నీ అయ్యాక ఏటి మొనలో, నల్లటి బురద సముద్రపు ఇసుకను తాకేచోట నిలబెడతాను. అక్కడ అలలు బుద్ధిగా రావు. పక్కనుంచి, వెనకనుంచి కొడతాయి. తుపాను రోజుల్లో అవి చేసే పని చూడాలంటే మాత్రం నేను తీసుకుపోను, ప్రాణం మీద తీపి నాకూ ఉంది.

కానీ అందరూ ముందు గమనించేది ఇవేవీ కాదు. బురదలోంచి నిటారుగా పొడుచుకువచ్చిన చెట్ల వేళ్లు. కొన్ని వేలెడు, కొన్ని జానెడు, ఎక్కడ చూసినా అవే. పాలెంలో వాటిని మేకులంటారు. కాలు పెట్టాలంటే వాటి మధ్య సందు వెతుక్కోవాలి. "ఇక్కడ కాస్త దారి వెయ్యకూడదా మేడమ్?" అని ప్రతివాళ్లూ అడుగుతారు. వేశాను. ఒకసారి వేశాను. ఆ సంగతి చెప్పకుండా మడ అందాలు చెప్పే హక్కు నాకు లేదు.

మాది చిల్లకూరు వైపు వరి పండించే ఇల్లు. బురద నాకు కొత్త కాదు. కానీ మా బురద దమ్ము చేసి, చదును చేసి, కాలికి మొదలు ముక్క కూడా తగలకుండా తయారుచేసుకున్న బురద. నడిచే గట్టు మీద ముల్లు కనిపిస్తే తీసి పారెయ్యకుండా దాటి వచ్చేవాళ్లను మా నాన్న మనుషుల్లో లెక్కవేసేవాడు కాదు. ఇంటికి వచ్చేవాళ్ల కాలికి ఏదైనా గుచ్చుకుంటే ఆ ఇంటికే అప్రతిష్ఠ. అలాంటి ఇంటినుంచి వచ్చి ఈ పాలెం బళ్లో టీచర్‌గా చేరాను.

ఇక్కడ నాకు మొదట దగ్గరైన మనిషి బడి వెనక ఇంట్లో ఉండే పెద్దమ్మ. వరసకు పెద్దమ్మ కాదు, నేనే అలా పిలిచాను. ఆమెకు పడవ లేదు, వల లేదు. పాటు తీసినప్పుడు మడలోకి పోయి, బొరియలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పీతలు పట్టుకొస్తుంది. పీత ఏ బొరియలో ఉందో, ఎటు తిరిగి ఉందో పాదంతోనే కనిపెడుతుంది. చేతిని అడుగునుంచి పోనిచ్చి, డెక్కలు విప్పే లోపల వెనకనుంచి అదిమి పడుతుంది. ఆమె చేతులనిండా గాట్లే. "పీత కరవలేదంటే నువ్వు పీతలు పట్టలేదని అర్థం" అని నవ్వేది. మొగుడు పోయినప్పటినుంచీ ఆమె పొయ్యి వెలిగేది ఆ మడ వల్లనే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా పుట్టింటివాళ్లు నన్ను చూడ్డానికి వస్తామన్నారు. అన్న, వదిన, వదిన పుట్టింటివాళ్లు, ఒక వ్యాను నిండా మనుషులు. అంతకుముందు నేను ఊరికి పోయినప్పుడల్లా మా వదిన ఏడిపించేది. "ఏమ్మా, ఇంకా ఆ బురదలోనే ఉండావా? సూళ్లూరుపేటలో ఉద్యోగం పడుంటే పులికాట్ కొంగల్నన్నా చూపించేదానివి. నీ దగ్గరికొస్తే చూసేదానికి ఏముంది, ఎండుచేపలు తప్ప?" ఆమె సరదాకే అనేది. నాకు మాత్రం గుండెలో మంట. మడ ఏమిటో వీళ్లకు చూపించి నోరు మూయించాలని పంతం పట్టాను.

పంతంతో పాటు నాన్న నేర్పిన మర్యాద ఒకటి ఉండనే ఉంది. వదిన కాళ్లకు ఆ మేకులు గుచ్చుకుంటే? వయసు మళ్లిన వదిన వాళ్లమ్మ తట్టుకుని పడితే? వ్యాను వచ్చే ముందు ఆదివారం కొడవలి పట్టుకుని మడ అంచున నిలబడ్డాను. పాలెం ఆడవాళ్లను పిలిచాను. రోడ్డునుంచి ఏటి ఒడ్డు దాకా, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పున, మేకులన్నీ మట్టానికి కోసేసి, పైన దిబ్బ ఇసుక పోద్దామన్నాను.

పెద్దమ్మ ఒక్కతే కొడవలి చేతిలోకి తీసుకోలేదు. "అయ్యి ఉండనీ టీచరమ్మా. దాని పాటికి అది ఉంటాది. మనమే సూసుకోని నడుస్తాం గదా" అంది.

"కాళ్లకు గుచ్చుకునేవాటిని ఉంచుకుని ఏం చేసుకుంటాం పెద్దమ్మా? చెట్టును కొట్టడం లేదుగా" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి తట్ట తీసుకుంది. మిగతావాళ్లకన్నా ఎక్కువ ఇసుక మోసింది ఆమే.

ఇక్కడ నేను చెప్పుకోవాల్సిన సిగ్గుచేటు సంగతి ఇంకొకటి ఉంది. ఆ మేకులను పుస్తకంలో శ్వాసవేళ్లు అంటారు. బురదలో గాలి ఆడదు కనుక మడ చెట్టు వేళ్లను పైకి పంపి గాలి పీలుస్తుంది. ఈ పాఠం నేనే చెప్పాను. బోర్డు మీద బొమ్మ వేశాను. ఒక మార్కు ప్రశ్నగా వస్తుందని కింద రెండు గీతలు కూడా గీశాను. అదే చేత్తో కొడవలి పట్టుకున్నప్పుడు ఆ బొమ్మ నాకు తట్టలేదు. నేను చూసింది చేలో మిగిలిన మొదళ్లను. చదువు నా నోట్లో ఉంది, పొలం నా చేతిలో ఉంది.

బంధువులు వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా ఏటి దాకా నడిచారు. ఫొటోలు దిగారు. వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "దారి బాగుంది" అంది. అడవిలో ఆమె మెచ్చుకున్నది దారిని మాత్రమే. గంట తిరగకుండానే బీచికి పోయారు.

మరుసటి ఎండాకాలానికి ఆ దారికి రెండు వైపులా ఉన్న చెట్లు ఆకు రాల్చడం మొదలుపెట్టాయి. మడ చెట్టు అలా ఆకు రాల్చదు. వానలు పడితే తేరుకుంటాయని చూశాను. కార్తీకం వానలు పడ్డాయి, ఏరు నిండింది, లోపలి మడంతా నిగనిగలాడింది. నా దారి పక్కవి మాత్రం పొయ్యిలో కట్టెల్లా నిలబడ్డాయి. పదకొండు చెట్లు. నేను ఒక్కొక్కదాని దగ్గరికీ పోయి బెరడు గిల్లి చూశాను. లోపల పచ్చదనం లేదు. ఆ రోజు బడికి వచ్చి పాఠం చెప్పలేకపోయాను.

పాలెంలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అదే భరించలేకపోయాను. చివరికి నేనే పోయి పెద్దమ్మను అడిగాను, "నీకు తెలుసు కదా, ఎందుకు గట్టిగా చెప్పలేదు?" అని.

"సదువుకున్నదానివి, నాకు తెలవంది నీకు తెలిసి ఉంటాదనుకున్నా" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే అలా అనుకుంది. చెంపదెబ్బ కొట్టినా బాగుండేదనిపించింది. ఆ రోజునుంచి పాటు తీసినప్పుడల్లా మడలోకి పోయి, నేను పోయించిన ఇసుకను తట్టలతో ఎత్తి బయట పోశాను. బడి అయ్యాక, ఆదివారాలు, దొరికినంతసేపు. చచ్చిన చెట్లు లేచిరాలేదు. ఇసుక తీసినచోట పక్క చెట్ల కాయలు పడి, నాలుగైదు మొక్కలు తలెత్తాయి. అప్పటినుంచే చెప్పులు విప్పమనడం మొదలుపెట్టాను. ఎవరికి గుచ్చుకున్నా సరే, ఎంత పెద్దవాళ్లయినా సరే.

కథ అక్కడితో ఆగితే నేనిది రాసేదాన్ని కాదు. నిరుడు జిల్లానుంచి ఒక అధికారి వచ్చాడు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి ఊరిని పిలిచారు. మనిషి మర్యాదస్తుడు, కోపం తెప్పించే మాట ఒక్కటీ అనలేదు. పెద్ద కాయితం మీద రంగుల బొమ్మ చూపించాడు. రోడ్డునుంచి ఏటి ఒడ్డు దాకా గట్టు పోసి, మీద సిమెంటు దారి. చివర ఫొటోలు దిగేందుకు అరుగు, రెండు వైపులా రెయిలింగు. "మడ అందాలు" అని బోర్డు కూడా బొమ్మలో ఉంది. కుర్రవాళ్లు ఉత్సాహపడ్డారు. ఆటోలు తిరుగుతాయి, టీ కొట్లు పెట్టుకోవచ్చు. వాళ్లను తప్పుపట్టలేను. పని కావాలి కదా ఎవరికైనా.

ఆయన వేలు పెట్టి చూపించిన గీత నా దారి మీదుగానే పోయింది.

"ఒక్క చెట్టు కూడా కొట్టబోవడం లేదు" అన్నాడాయన. "సర్వేలో చూశాం. అక్కడ చెట్లు వాటంతట అవే ఎండిపోయాయి. నేల పనికిరానిదన్నమాట. ఆ ఎండిన జాగాలోనే వేస్తున్నాం."

వెనక వరసలో కూర్చున్న పెద్దమ్మ లేచింది. "అయ్యా, ఆడనే పిల్లకాలవ ఉండాది. గట్టు ఏస్తే లోపలికి నీళ్లు పోవు. నీళ్లు పోకపోతే పీత ఉండదు."

"ఆ జాగా మీదా అమ్మా? పట్టా ఏదైనా ఉందా?" అని అడిగాడాయన. వెటకారంగా కాదు, ఫారంలో గడి నింపడానికి అడిగినట్టు.

పెద్దమ్మకు పట్టా ఎక్కడిది? రోజుకు రెండుసార్లు సముద్రం కింద పోయే బురదకు పట్టా ఎవరిస్తారు? ఆమె మెల్లగా కూర్చుంది. ఆ కూర్చోవడం చూశాక నాకు కళ్లు బైర్లు కమ్మినంత కోపం వచ్చింది. ఆయన మీద కాదు. నేను చంపిన చెట్లు ఇప్పుడు సాక్ష్యానికి వచ్చి, ఆమె పొయ్యి ఆర్పబోతున్నాయి. నేను నోరు మూసుకుంటే సరిపోతుంది, ఎవరూ నా పేరెత్తరు. అలా మూసుకునే వీలుందనే ఇంకా ఒళ్లు మండింది.

లేచి నిలబడ్డాను. "సార్, ఆ చెట్లు వాటంతట అవి ఎండలేదు. నేను చంపాను."

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. పక్కనున్న సర్పంచ్ చప్పున నా వైపు వంగి, "కూర్చోమ్మా, ఎందుకొచ్చిన గొడవ. బదిలీ చేసి పారేస్తారు" అని గొణిగాడు. కూర్చోలేదు. మేకులు కోయించడం, ఇసుక పోయించడం, వదిన, వ్యాను, ఏదీ దాచకుండా చెప్పాను. "నేను వేసింది ఇసుక దారి. దానికే పదకొండు చెట్లు పోయాయి. మీరు వేసేది గట్టు. నేల పనికిరానిది కాదు సార్, ఇసుక ఎత్తినచోట మొక్కలు లేస్తున్నాయి, రండి చూపిస్తాను. కాకపోతే బూట్లు విప్పాలి."

షామియానా కింద చిన్న నవ్వు లేచి ఆగిపోయింది. ఆయన నవ్వలేదు. పెన్నుకు మూత పెట్టాడు. "టీచర్ గారూ, నా ఫైల్లో ఎండిన ప్రాంతం అని ఉంది. మీ నోటిమాటతో అది మారదు. కాయితం కావాలి. రాసి సంతకం పెట్టి ఇస్తే పైకి పంపుతాను, గీత మారొచ్చు. కానీ ఆ కాయితం నా దగ్గర ఆగదు. మీ ఆఫీసుకూ పోతుంది. మీరు గవర్నమెంటు ఉద్యోగి. బాగా ఆలోచించుకోండి" అన్నాడు.

భయం వేసింది. భయం వెయ్యలేదని ఇప్పుడు ఇక్కడ రాస్తే అబద్ధం. ఈ ఊరు వదిలి పోవాల్సి వస్తుందేమో అనిపించింది. అయినా సరే, పోయేదేదో నాది పోవాలి, ఆమెది కాదు. పంచాయతీ బల్ల దగ్గరే కూర్చుని తెల్లకాయితం తీసుకుని రాశాను. ఏ నెలలో కోయించానో రాశాను. ఎన్ని చెట్లు పోయాయో రాశాను. మూడో వాక్యంగా, ఇందులో ఇతరులెవరి తప్పూ లేదని రాశాను. సంతకం పెట్టాను.

"ఏం రాసినావో సదువు" అంది పెద్దమ్మ. ఎప్పుడు వచ్చిందో, నా భుజం పక్కన నిలబడి ఉంది.

చదివాను. మూడో వాక్యం దగ్గర ఆమె చెయ్యి బల్ల మీద పడింది. "అదేంది? ఎవురి తప్పూ లేదని రాసేది నువ్వెవురు? ఇసక మోసింది నేను గాదా? తెలిసి తెలిసి మోసింది నేను గాదా?"

"పెద్దమ్మా, నేను చెప్పబట్టే కదా మోశావు. ఇది నాతో పోనీ."

"నీతో యాడికి పోతాది? నీ ఒక్కదాని పేరుంటే రేపు నిన్నెత్తి ఇంకో ఊర్లో ఏస్తారు. మా అందరి ఏలిముద్రలు ఉంటే ఏం జేస్తారు? పాలేన్నే బదిలీ జేస్తారా?" ఆ ప్రశ్న నన్ను కాదు, బల్లకు అవతలున్న ఆయనను అడిగింది.

బల్ల సొరుగులోంచి సర్పంచ్ సిరా డబ్బా తీసి పెడితే, ఆయన దాన్ని ఆమె వైపు జరిపాడు. గాట్లతో నిండిన ఆ బొటనవేలి ముద్ర కాయితం మీద సరిగ్గా పడలేదు, రెండోసారి అదిమింది. వెనక్కి తిరిగి, "రాండిమే, ఆ పొద్దు తట్టలు మోసినోళ్లంతా రాండి" అని కేక వేసింది. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచారు. సంతకం వచ్చినవాళ్లు పెన్ను అడిగారు. వాళ్లు వరసలో నిలబడుతుంటే, నేను ఆ మూడో వాక్యం కొట్టేశాను.